పాత మారుతి 800 గేర్‌బాక్స్ ఇంటి దగ్గరే మార్చడం: చెన్నైలో ఎవరైనా చెప్పగలరా?

వేళచ్చేరి 800:
2003 మోడల్ మారుతి 800, నాలుగు గేర్లది. మూడో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. న్యూట్రల్‌లో గుర్రుమని మోత, క్లచ్ తొక్కితే ఆగుతోంది. విప్పి బాగుచేయించే బదులు పుదుపేట పాత విడిభాగాల బజారులో పాత గేర్‌బాక్స్ తెచ్చి వేసుకోవడం నయమంటున్నారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇద్దరం చేయగల పనేనా?

అంబత్తూరు పానా:
చేయొచ్చు. ముందు తప్పు బాక్స్‌దేనని తేల్చుకోండి. ఇంజనును పట్టి ఉంచే మౌంటు రబ్బరు చిరిగినా, గేర్ రాడ్డు బుష్ అరిగినా యాక్సిలరేటర్ వదలగానే ఇంజను ఊగి రాడ్డును లాగుతుంది, గేరు ఊడుతుంది. ఆ రెండూ చూడటానికి పైసా ఖర్చు లేదు. అవి బాగుంటే ఆయిల్ దించండి. బంగారు రంగు సన్నపొడి అంటే సింక్రో రింగుల (గేర్లు గరగర లేకుండా కలిసేలా చేసే ఇత్తడి రింగులు) అరుగుదల, పాత బండికి మామూలే. గోటికి తగిలే ఉక్కు ముక్కలు వస్తే బాక్స్ పోయినట్టే.

క్లచ్ తొక్కితే ఆగే మోత ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. తొక్కినప్పుడే వచ్చేదైతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నెట్టేది), దానికి బాక్స్ మార్చక్కర్లేదు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిపి చూస్తే మౌంటు కన్నా బాక్స్ మీదే నా అనుమానం.

చూళైమేడు గ్రీజు:
పుదుపేట వెళ్తే పాత క్లచ్ ప్లేటు చేత్తో పట్టుకెళ్ళండి. కొనబోయే బాక్స్ షాఫ్ట్ మీద అది బిగువు లేకుండా జారాలి. అలా జారితే షాఫ్ట్ పళ్ళ లెక్క ప్లేటుతో కలిసినట్టే. ఐదు గేర్ల బాక్స్ చవకగా ఇస్తామన్నా వద్దు, మౌంటు, రాడ్డు కుదరవు.

అంగట్లోనే డ్రెయిన్ బోల్టు విప్పించండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే అది నీళ్ళలో మునిగిన బండిది. 2015 వానలకూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకూ ఈ ఊళ్ళో ఎన్ని బండ్లు మునిగాయో తెలిసిందే. గాలి గొట్టంలోంచి నీళ్ళు లోపలికెళ్ళి బేరింగులకు తుప్పు పడుతుంది, పైకి మాత్రం కడిగి తళతళలాడిస్తారు. తర్వాత ఒక్కో గేరులో పెట్టి షాఫ్ట్ తిప్పండి, గరగర ఉండకూడదు. షాఫ్ట్ కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ఎక్కువ ఆట ఉండకూడదు. బోల్టు చెవుల దగ్గర చీలిక ఉందేమో గోటితో తడిమి చూడండి. బిల్లు, మార్చి ఇస్తామన్న మాట రెండూ రాయించుకోండి.

అంబత్తూరు పానా:
కొనాల్సినవి: యాక్సిల్ ఆయిల్ సీళ్ళు రెండు, రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటు అరిగి ఉంటే సెట్టు మొత్తం, రెండున్నర లీటర్ల 80డబ్ల్యూ-90 జీఎల్-4 గేర్ ఆయిల్. జీఎల్-5 అంటగడితే తీసుకోవద్దు. అందులోని గంధకం మందు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది.

దించే ముందురోజే బాల్ జాయింట్ (ముందు చక్రాన్ని కింది చెయ్యికి కలిపే కీలు) బోల్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. సముద్రపు గాలికి అవే ఎక్కువ ఏడిపిస్తాయి. బండి చదునైన నేల మీదే ఉండాలి, బేస్‌మెంట్ వాలు మీద వద్దు. డ్రైవ్ షాఫ్ట్‌లు (బాక్స్ నుంచి చక్రాలకు వెళ్ళే కడ్డీలు) ఊడదీస్తే గేరు బండిని ఆపదు కాబట్టి హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

బ్యాటరీ నెగటివ్ తీసేసి క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, గేర్ రాడ్డు, స్టార్టర్ విప్పేయండి. బాల్ జాయింట్ బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా లాగేయాలి, పిన్ను గాడిలో అదే అడ్డం. డ్రైవ్ షాఫ్ట్‌ను పట్టుకుని లాగకండి, రబ్బరు బూటు లోపల జాయింట్ విడిపోతుంది. బాక్స్ పక్కనున్న జాయింట్ గిన్నె దగ్గర రాడ్డు పెట్టి ఎత్తితే లోపలి రింగు టక్కున వదులుతుంది. హబ్ నట్టు జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇక ఇంజను సంప్ (అడుగు ఆయిల్ గిన్నె) కింద చెక్క పలక, దాని కింద జాకీ. బాక్స్ కింద ఇంకో జాకీ. మౌంటు, బోల్టులు తీశాక తిన్నగా లాగండి. బాక్స్ బరువు క్షణం కూడా షాఫ్ట్ మీద వేలాడకూడదు, క్లచ్ ప్లేటు హబ్ వంగిపోతుంది. వంగిన ప్లేటుతో క్లచ్ పూర్తిగా విడవదు, కొత్త బాక్స్‌లోనూ గేర్లు గరగరమంటాయి.

వేళచ్చేరి 800:
దించాం. సీళ్ళు, క్లచ్ ప్లేటు వేశాం. ఎక్కిస్తుంటే బాక్స్ ఒక సెంటీమీటరు ముందే ఆగిపోయింది. బోల్టులు బిగిస్తే లోపలికి వెళ్తుందా?

అంబత్తూరు పానా:
వద్దు! బోల్టుతో లాగితే చెవి విరుగుతుంది. బాక్స్‌ను నాలుగో గేరులో పెట్టి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒకరు బాక్స్‌ను తిన్నగా నెడుతుంటే ఇంకొకరు క్రాంక్ పుల్లీ బోల్టును బిగిసే దిక్కుకే మెల్లగా తిప్పండి. పళ్ళు కలవగానే చేత్తోనే కూర్చుంటుంది. అప్పటికీ రాకపోతే ప్లేటు మధ్యలో లేదు. బాక్స్ దించి ప్రెజర్ ప్లేటు వదులుచేసి, క్లచ్ మధ్యగట్టే పుల్లతో సరిచేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ప్లేటు హబ్ ఉబ్బెత్తు వైపు బాక్స్ వైపుకు ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

చూళైమేడు గ్రీజు:
డ్రైవ్ షాఫ్ట్ ఎక్కించేటప్పుడు కొత్త సీలు పెదవికి కాస్త ఆయిల్ రాయండి, పొడిగా తోస్తే చిరుగుతుంది. ఆయిల్ లీటరు లెక్కన కాదు, బండిని చదునుగా దించి లెవెల్ బోల్టు రంధ్రంలోంచి కారడం మొదలయ్యేదాకా పోయాలి. ముందు చక్రాలు పైకెత్తి ఉంటే ఆ లెవెల్ తప్పు.

క్లచ్ పెడల్‌కు సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఖాళీ ఆట ఉంచండి. తర్వాత ముందు చక్రాలు మళ్ళీ పైకెత్తి, ఇంజను ఆపి ఉండగానే అన్ని గేర్లూ వేసి చూడండి, ఆ తర్వాతే స్టార్టు.

వేళచ్చేరి 800:
కూర్చుంది. పుల్లీ తిప్పగానే జారిపోయింది. బాక్స్ మార్చినందుకు ఆర్టీవోలో ఏమైనా రాయించాలా?

చూళైమేడు గ్రీజు:
అక్కర్లేదు. ఆర్‌సీలో ఇంజను, ఛాసిస్ నంబర్లు ఉంటాయి గానీ గేర్‌బాక్స్ నంబరు ఉండదు. పుదుపేట బిల్లు మాత్రం బండిలో ఉంచండి. పాత ఆయిల్ డబ్బాలో పట్టి ఆయిల్ మార్చే షాపులో ఇచ్చేయండి, కాలువలో పోయకండి.