అప్‌డేట్: ‘హీరో’ ఈసారి చివరిదాకా చూశాను

పోయిన వారం అడిగింది నేనే. జాంగ్ యిమౌ 2002లో తీసిన చైనా సినిమా ‘హీరో’లో ఒకే కథ మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది, పగతో వచ్చినవాడు రాజు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాడేంటి అని. బట్టల రంగులు గమనిస్తూ చూడమని మీలో ఒకరు చెప్పారు. ఆ ఒక్క మాటతో చిక్కుముడి విడిపోయింది, చాలా థ్యాంక్స్.

ఒక్కో రంగూ ఒక్కో కథనం. ఎరుపు, రాజును చంపడానికి వచ్చినవాడు (జెట్ లీ) చెప్పే కట్టుకథ. నీలం రాజు ఊహ. తెలుపు దగ్గరికి వచ్చాకే అసలు జరిగింది తెలుస్తుంది. ఆకుపచ్చ అంతకుముందటి సంగతి.

మొదటిసారి నేను పట్టించుకోనిది దీపాల సీను. ఇద్దరి మధ్యా వరసగా దీపాలు వెలుగుతుంటాయి. వాటి మంటలు రెపరెపలాడటం చూసి, ఎదుటివాడు చంపడానికే వచ్చాడని రాజు కనిపెట్టేస్తాడు. అప్పటికి వాళ్ల మధ్య దూరం పది అడుగులే! టెన్షన్‌తో దిండు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ముగింపు తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. చేతికి చిక్కిన రాజును (పాతకాలపు చైనాలోని చిన్ రాజ్యం అతనిది) జెట్ లీ చంపకుండా వదిలేస్తాడు. యుద్ధాలు ఆగాలంటే రాజ్యాలన్నీ ఒక్కటి కావాలనే వాదన నాకు అర్థమైంది, కానీ మనసు ఒప్పుకోలేదు. ఆ రాజు సైన్యం చేతిలో తండ్రిని పోగొట్టుకున్న కత్తియోధురాలు ఫ్లయింగ్ స్నో సంగతేంటి? ఎడారిలో ఆమె పెట్టిన కేక ఇంకా చెవుల్లోనే ఉంది. మా అక్క మాత్రం అతను చేసిందే సరైనదంటోంది. రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం.