నిగ్రహం, సంయమనం: రెండూ ఒకటేనా?

పదపిపాసి:
గొడవపడుతున్న ఇరువర్గాలూ "నిగ్రహం పాటించాలి" అని ఒక వ్యాసంలో రాశాను. దిద్దినవారు "సంయమనం పాటించాలి" అని మార్చారు. రెంటికీ అదుపు అనేగా అర్థం! మార్చాల్సిన పనేమిటి?

తెలుగుబాట:
మార్చడమే సబబు. నిగ్రహంలో శిక్ష ఉందండీ. రాజు నిగ్రహానుగ్రహ సమర్థుడంటే, శిక్షించనూగలడు, కరుణించనూగలడు అని. వాదంలో ఓటమి తెచ్చే దోషాలను న్యాయదర్శనం అనే ప్రాచీన తర్కశాస్త్రం 22గా లెక్కగట్టి, వాటికి నిగ్రహస్థానాలని పేరు పెట్టింది. కొట్టుకుంటున్నవాళ్లకు నిగ్రహం బోధిస్తే ఒకరినొకరు అణచమన్నట్టు కాదా?

అక్షరాభ్యాసి:
ఒప్పుకోలేను. "నిగ్రహం కోల్పోయాడు" అంటే కోపం ఆపుకోలేకపోయాడనే తెలుగువాళ్లకు తోస్తుంది, శిక్షించడం మానేశాడని కాదు. ఇది నిన్నమొన్నటి వాడుకా కాదు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును నిగ్రహించడం గాలిని పట్టినంత కష్టమంటాడు. అక్కడ పట్టాల్సింది ఎవరినో కాదు, తన మనసునే.

అలాగని రెండూ ఒకటే అననూ అనను. నిగ్రహంలో ఉన్నది గ్రహ్ ధాతువు, పట్టుకోవడం. (ఆగ్రహం, అనుగ్రహం కూడా దాని బిడ్డలే. ఎంత సొగసో!) సంయమనంలో ఉన్నది యమ్, అదుపులో ఉంచడం. రథం తోలేవాణ్ణి సంస్కృతంలో యంత అనేది ఆ ధాతువును బట్టే. గుర్రం పరుగు ఆగదు, పగ్గం చెయ్యి జారదు. నేను సంయమనాన్ని అలా చూస్తాను. నిగ్రహం అలా కాదు, పొంగుకొచ్చినదాన్ని ఒడిసిపట్టి నిలపడం. నోటిదాకా వచ్చిన మాటను ఉగ్గబట్టుకున్నవాడిది నిగ్రహం. అసలు గొంతే పెంచకుండా వాదించేవాడిది సంయమనం. మీ వ్యాసంలో గొడవ అప్పటికే రేగింది కదా, అక్కడ నిగ్రహమే తగిన మాట.

తెలుగుబాట:
గాలి ఉదాహరణ దగ్గర నా వాదం తేలిపోయింది, నిజమే. అయినా "పాటించు" నాకు ఇంకా ఎబ్బెట్టుగానే ఉంది. మౌనం పాటిస్తాం, నియమం పాటిస్తాం. ముందే అనుకుని పట్టి ఉండేవి అవి. అప్పటికప్పుడు బిగబట్టేదాన్ని పాటించడమేమిటి? నిగ్రహించుకోవాలి అనండి, నాకు పేచీ లేదు.

అక్షరాభ్యాసి:
క్రియ విషయంలో మీ మాటే సరి. నేనది గమనించలేదు.

పదపిపాసి:
"ఇరువర్గాలూ తమాయించుకోవాలి" అని రాస్తే? మా ఇంట్లో వాడే మాట అదే.

తెలుగుబాట:
అలాగే రాయండి. దిద్దినవారు మళ్లీ మారిస్తే, ఎందుకు మార్చారో అడిగి ఇక్కడ చెప్పండి.