బహుపదిలో ‘పది’ ఎవరిది?

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నిన్న లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, “నాన్నా, బహుపది అంటే చాలా పదులా?” అని అడిగింది. కాదన్నాను గానీ, మరి ఆ పది ఏమిటో విడమరచి చెప్పలేకపోయాను. ద్విపద ఛందస్సుకీ లెక్కల్లో ద్విపదికీ చుట్టరికం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

— మంచి ప్రశ్నండీ. తెలుగు మీడియం పిల్లలకి లెక్కలు చెబుతాను, ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. అంకెల్లో పది మన తెలుగు మాట. బహుపదిలోని ‘పది’ వేరు, అది సంస్కృతం ‘పద’ నుంచి వచ్చింది. మీ అమ్మాయికి సప్తపది గుర్తు చేయండి. పెళ్లిలో ఏడడుగులు, అక్కడ పదం అంటే అడుగు. జయదేవుడి అష్టపదిలో చరణం. బహుపదిలో, కూడిక తీసివేత గుర్తుల మధ్య నిలిచే ఒక్కో ముక్క. 3యా² + 5యా − 2లో ముక్కలు మూడు, కాబట్టి త్రిపది. రంగనాథ రామాయణం నడిచిన ద్విపదలోనూ ఉన్నది ఆ ‘పదే’, రెండు పాదాల జంట. చుట్టరికం ఉన్నట్టే.

‘యా’ అని కావాలనే రాశాను. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్తు అన్నాడు, ‘ఎంతో అంత’ అని. పొడి అక్షరం యా. తెలియనివి ఇంకా ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టారు. అక్కడే కూడిక సూత్రమూ ఉంది: సమాన జాతివాటికే కూడిక, తీసివేత, వేరు జాతివి విడిగా నిలుస్తాయి. మన పాఠ్యపుస్తకంలో సజాతి పదాలు, విజాతి పదాలు అంటున్నది దీన్నే. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. పిల్లలు 3యా², 5యా చూసి రెండిట్లోనూ యా ఉంది కదా అని 8 చేసేస్తారు. అప్పుడు గజాలు చెబుతాను. బట్ట కొలిచే గజం వేరు, ఇంటి స్థలానికి చెప్పే గజం వేరు. రెండోది చదరపు గజం. నోటితో రెండూ గజమే అంటాం, కలిపి మాత్రం లెక్కేయం.

— కూడిక సరే మాస్టారూ, మావాడికి తీసివేతలోనే మార్కులు పోతున్నాయి.

— అందరికీ పోయేది అక్కడేనండీ. (3యా² + 5యా − 2) − (యా² − 4యా + 6) ఇస్తే చాలామంది 2యా² + యా + 4 అని రాస్తారు. కుండలీకరణం ముందున్న మైనస్‌ని మొదటి పదానికి తగిలించి, మిగతా రెంటినీ అలాగే దించేస్తారు. ఇక్కడా మాటే దారి చూపిస్తుంది. ధనం అంటే ఉన్న డబ్బు, ఋణం అంటే అప్పు. 4యా అప్పు తీసేశారంటే 4యా చేతికొచ్చినట్టే, కనుక 5యా + 4యా, 9యా. 6 ధనం తీసేస్తే −2 కాస్తా −8. జవాబు 2యా² + 9యా − 8. తీసివేసే ధనం ఋణమవుతుంది, ఋణం ధనమవుతుందని భాస్కరుడు సూత్రమే చెప్పాడు. ఆయనకి మైనస్ గుర్తు లేదు, ఋణరాశి నెత్తిన చుక్క పెట్టేవాడు.

అన్నట్టు, ఇంగ్లీషు పాలినామియల్‌లో సగం గ్రీకు, సగం లాటిన్. ‘పాలీ’ అంటే అనేకం, ‘నోమెన్’ అంటే పేరు. పదాల లెక్క సూటిగా చెప్పేది మన మాటే.

— నాన్న ఫోన్‌లో నేనే రాస్తున్నాను సార్. ఒక్క పదమే ఉంటే ఏకపది కదా, దాన్ని కూడా బహుపది అనొచ్చా?

— అనొచ్చమ్మా. ఏకపది కూడా బహుపదుల్లో ఒకటే. 7యా² బహుపదే, ఒట్టి 5 కూడా. చూడాల్సింది యా మీది ఘాతాంకం. అది 0, 1, 2 లాంటి పూర్ణాంకం కావాలి. యా కింద హారంలో పడినా, వర్గమూలం గుర్తులోకి పోయినా అది బహుపది కాదు, పదాలు ఎన్ని ఉన్నా సరే.