కొత్తగా పదోన్నతి పొందిన ఏఎస్సైలకు అజమాయిషీ నేర్పేది తరగతి గదా, స్టేషనా?

ఓరుగల్లు సీఐ: నేను నేరుగా ఎస్సైగా చేరి సీఐనైన వాడిని. మా స్టేషన్‌కు ఈ ఏడాది ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు ఏఎస్సైలుగా పదోన్నతి పొంది వచ్చారు. ఇద్దరూ నిజాయితీపరులే, కానీ నిన్నటి దాకా తమను ‘అన్నా’ అని పిలిచిన వారికి నైట్ బీట్ (రాత్రి గస్తీ) వేయడానికి వెనుకాడుతున్నారు. పదోన్నతి శిక్షణలో చట్టమూ కవాతూ ఎంత ఉన్నా, పనివారితో పని చేయించడం ఎలాగో చెప్పే గంటలు చాలా తక్కువ. భుజాన నక్షత్రం పెట్టకముందే మామునూరు శిక్షణ కళాశాల వంటి చోట దీనికి ప్రత్యేకంగా కొన్ని వారాలు కేటాయించాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత రైటర్: తొమ్మిదేళ్లు స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్ రికార్డులు రాసేవాడిగా, డ్యూటీ చార్టు వేసి ఏఎస్సైగా రిటైరైన వాడిని. చార్టు వేయడం తరగతిలో రాదు. ఎవరి తల్లి మంచాన ఉన్నదో, ఎవరు వరుసగా మూడు రాత్రులు సెంట్రీలో నిలబడ్డారో తెలిసినవాడే చార్టు వేయగలడు.

కాజీపేట జంక్షన్: రైటర్ పక్కన కూర్చుంటే చార్టుతో పాటు రైటర్ అలవాట్లు కూడా వస్తాయి కదా!

ఓరుగల్లు సీఐ: పాత రైటర్ గారూ, చార్టు ఒక్కటే అజమాయిషీ కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపు బాధితునికి తెలియజేయాలి. ఈ పనులు తానే చేసుకుపోయేవాడు మంచి హెడ్ కానిస్టేబుల్ కావచ్చు గానీ, నలుగురి చేత సకాలంలో చేయించి, జరిగిందో లేదో కేసు డైరీ తెరిచి చూసుకునేవాడే పర్యవేక్షకుడు. మా ఏఎస్సైలు కింది వాడు తప్పు రాస్తే పిలిచి చెప్పరు, రాత్రి పది దాకా కూర్చుని తామే దిద్దుతారు.

పాత రైటర్: మళ్లీ చార్టు దగ్గరికే వస్తాను. చార్టు న్యాయంగా ఉంటే ఎవరూ ఎదురు తిరగరు.

ములుగు దారి: నేను కానిస్టేబుల్ భార్యను. 2024 మేడారం జాతర బందోబస్తు సమయంలో మా పాప ఆపరేషన్‌కు మా ఆయన రెండు రోజుల సెలవు అడిగారు. కొత్తగా ఏఎస్సై అయిన ఆయన స్నేహితుడు ఆ కాగితాన్ని పైకి పంపనే లేదు, ‘పైవాళ్లు ఇవ్వరు’ అని జేబులో పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు, ఎన్నోసార్లు మా ఇంట్లో భోజనం చేసిన మనిషి. అతనికి భయం.

ఓరుగల్లు సీఐ: అమ్మా, నేను చెప్పేదీ అదే. ఆ భయాన్ని పోగొట్టేదే శిక్షణ.

పాత రైటర్: ఎవరి వల్ల కలిగిన భయమండీ? నేను ఏఎస్సై అయిన మొదటి నెలలో ఒక కుర్రవాడికి సెలవు సిఫారసు చేస్తే, నా బిడ్డ వయసున్న డైరెక్టు ఎస్సై రోల్ కాల్‌లో అందరి ముందు ఆ కాగితం చింపివేశాడు. ఆ తరువాత ఎవరి కాగితమూ నేను పైకి పంపలేదు. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1979లో ఇచ్చిన తన మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ల గురించి, వారి పదోన్నతుల గురించి రాసింది. ఇన్నేళ్లకూ కింది నుంచి వచ్చిన వాడు మీ దృష్టిలో రాసిపెట్టే మనిషే, ఆజ్ఞాపించే మనిషి కాడు. శిక్షణ ముందు మీకు కావాలి.

ఓరుగల్లు సీఐ: ఎవరో ఎస్సై మీద కోపాన్ని నా మీద చూపడం న్యాయం కాదు. నేను నా ఏఎస్సైలను ఏనాడూ అవమానించలేదు.

కాజీపేట జంక్షన్: అసలు తగువు ఇప్పుడు బయటపడింది!

పాత రైటర్: అయితే ఒక్క మాట చెప్పండి. మీ ఏఎస్సై వేసిన చార్టు మీద, ఒక్క పేరూ మార్చకుండా మీరు చివరిసారి ఎప్పుడు సంతకం పెట్టారు?

ఓరుగల్లు సీఐ: (మరునాడు) రాత్రి చార్టుల ఫైలు తెప్పించి చూశాను. వారు వచ్చినప్పటి నుంచి నేను మార్చని చార్టు ఒక్కటీ లేదు. కొన్ని మార్పులకు కారణం నాకే గుర్తు రాలేదు. శిక్షణ అవసరమన్న మాటను వెనక్కి తీసుకోను గానీ, వచ్చే వారం చార్టును మాత్రం వారు వేసినట్టే వదిలేస్తాను.

పాత రైటర్: మార్చక తప్పకపోతే ఆ మనిషిని లోపలికి పిలిచి, అతని చేతనే మళ్లీ రాయించండి. ఎర్ర సిరాతో కొట్టివేసిన చార్టు గోడ మీద ఉంటే సెంట్రీ కూడా చదువుతాడు.