జిమ్ బ్రేడీ, మేటీల భూమి: మందస వైపు కుర్రాళ్లకి ఏం చెప్పాలి?

కొండగొర్రి (ప్రశ్న):
శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో సవర గిరిజనుల ఊళ్లలో అటవీ హక్కుల మీద తరగతులు పెడుతున్నాం. అరగంట కెనడా మేటీల గురించి, వాళ్ల నాయకుడు జిమ్ బ్రేడీ గురించి చెప్పాలని ఉంది. ఆదివాసీ తల్లులకీ, బొచ్చుతోళ్ల వ్యాపారానికొచ్చిన ఐరోపా తండ్రులకీ పుట్టిన సంతతి అన్నంతవరకే తెలుసు. ప్రభుత్వం భూమి కాగితాలిచ్చాక కూడా వాళ్లు రోడ్డు పక్క గుడిసెల్లో ఎందుకు మిగిలారు? బ్రేడీ ఏం చేశాడు?

వంశధార:
ఆ కాగితం పేరు స్క్రిప్. 160 లేదా 240 డాలర్లకో, అన్ని ఎకరాలకో ఇచ్చేవారు. ఫలానా చోట మీ భూమి అని అందులో ఉండదు. ల్యాండ్ ఆఫీసుకెళ్లి, సర్వే అయిన ఖాళీ భూమిలో ఎంచుకోవాలి. ఉత్తరాన వేట, చేపల మీద బతికేవాళ్లకి ఆ భూములు ఎక్కడో దక్షిణాన. స్క్రిప్ పంచే కమిషన్ వెంటే దళారులు నగదు పట్టుకుని తిరిగేవారు. డబ్బు స్క్రిప్ చేతులు మారడానికి అడ్డే లేదు. భూమి స్క్రిప్‌కి హక్కుదారు స్వయంగా రావాలన్న నియమముంది గానీ, దళారులు వేరే మనిషిని ఆ పేరుతో నిలబెట్టేవారు. ఇంత జరిగాక 1921లో చట్టం సవరించి, స్క్రిప్ మోసం మీద మూడేళ్లు దాటితే కేసు చెల్లదన్నారు. ఘోరమైన సవరణ. ముందు ఇది చెప్పండి, లేకపోతే బ్రేడీ ఉమ్మడి భూమే ఎందుకు అడిగాడో పిల్లలకి అందదు.

నాగావళి:
బ్రేడీ 1908లో కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో సెయింట్ పాల్ దగ్గర పుట్టాడు. 1930లో కేంద్రం భూములు, వనరులు రాష్ట్రానికి అప్పజెప్పింది. ఫిషింగ్ లేక్ దగ్గర కాగితం లేకుండా ఉంటున్న మేటీలకి, ఆ భూమిని బయటి రైతులకిచ్చేస్తారన్న భయం పట్టుకుంది. అర్జీలు అక్కడ మొదలయ్యాయి. 1932లో మేటీల సంఘం పుట్టింది. జో డియన్ అధ్యక్షుడు. మాల్కం నారిస్, బ్రేడీ, పీట్ టామ్‌కిన్స్ ఊరూరా తిరిగి దాన్ని నిలబెట్టారు. ఒత్తిడికి 1934లో మేటీల స్థితి విచారించే జడ్జి ఈవింగ్ కమిషన్, 1938లో చట్టం వచ్చాయి. మేటీలకి 12 కాలనీలు కేటాయించారు, ఇప్పుడు మిగిలినవి 8.

అసలు లోపం ఎక్కడంటే, కమిషన్ ఆ భూమిని హక్కుగా ఒప్పుకోలేదు, పేదలకి సాయంగా చూసింది. యాజమాన్యం ప్రభుత్వం దగ్గరే ఉండటంతో నాలుగు కాలనీలు పోయాయి. 1990 ఒప్పందంతో సుమారు 5 లక్షల 12 వేల హెక్టార్లు ఉమ్మడి కౌన్సిల్ పేరిట వచ్చాయి, భూగర్భ ఖనిజాలు తప్ప. బ్రేడీ అది చూడలేదు. తర్వాతి కాలంలో పక్క రాష్ట్రం సస్కచెవాన్‌లో సహకార సంఘాలు కట్టాడు. 1967 జూన్‌లో ఖనిజాలు వెతకడానికి ఫాస్టర్ లేక్స్ వైపు వెళ్లి, తోడెళ్లిన క్రీ తెగ మనిషి హాల్కెట్‌తో సహా కనిపించకుండా పోయాడు.

జీడితోట:
మాస్టారూ, పోల్చేటప్పుడు జాగ్రత్త. మన ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే) పట్టా వారసులకి వస్తుంది, అమ్మడానికి లేదు, భార్యాభర్తలిద్దరి పేరున ఉంటుంది, 4 హెక్టార్లు దాటదు. స్క్రిప్‌లా దళారికి పోదు. మన దగ్గర దెబ్బ తినేది దరఖాస్తులోనే.

2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్టు కనీసం రెండు ఆధారాలుండాలి. కాగితాలే అక్కర్లేదు. సవరలు కొండవాలున పేర్చిన రాతిగట్లు, చదును చేసిన మడి, పాత బావి, శ్మశానం అన్నీ నియమాల్లో ఉన్నాయి. పెద్దల మాట కూడా చెల్లుతుంది, కానీ రాతలో ఉండాలి. గట్టు పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీయండి, ఏ వాగు నుంచి ఏ చెట్టు దాకానో హద్దు రాయించండి. ఉపగ్రహ చిత్రం అదనపు ఆధారమే, దాని ఒక్కదాని మీద తిరస్కరిస్తే ఒప్పుకోవద్దు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అప్పీలుకి 60 రోజులు, అప్పీలు వినే కమిటీ ఇష్టమైతే మరో 30.

గ్రామసభకి సగం మంది రాకపోతే తీర్మానం చెల్లదు, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. జీడిపిక్కల కోత రోజుల్లో సభ పెట్టకండి, కోరం పడదు.

కొండగొర్రి:
వ్యక్తిగత పట్టాకి ఫారం ఎ సరే. బ్రేడీ అడిగినట్టు ఊరుమ్మడి అడవికి?

జీడితోట:
ఫారం సి. మేత, కట్టెలు, చింతపండు లాంటి హక్కులకి ఫారం బి. సి వేసేటప్పుడు పక్క ఊళ్ల పెద్దల్ని పిలిచి హద్దుల మీద సంతకాలు పెట్టించండి. హద్దు తగాదా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది.