నాన్నగారి పేరున్న సంతకం పుస్తకానికి 12,000 అడగొచ్చా?

ఆదివారం_అబిడ్స్:
పోయిన నెల అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక కవితా సంపుటి దొరికింది. 1958 ప్రథమ ముద్రణ, ప్రతులు 1000, వెల రూపాయిన్నర. బేరమాడి 80కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే లోపలి పేజీలో కవిగారి చేతిరాత: "చిరంజీవి ఫలానాకు, ఆశీస్సులతో". కింద సంతకం, తేదీ. కవి ఎవరో ఇక్కడ చెప్పను, చెబితే రేపటికల్లా ఇంకో పది సంతకాలు పుట్టుకొస్తాయి.

ఆన్‌లైన్‌లో 12,000కి పెట్టాను. మొన్న ఒకావిడ మెసేజ్ పెట్టారు. ఆ ఫలానా వాళ్ల నాన్నగారట. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే పాత పేపర్లతోపాటు ఇదీ వెళ్లిపోయిందట. "అంత ఇచ్చుకోలేను, మీకు పడిన ధరకి ఇస్తారా?" అని అడిగారు. నేనేం దొంగతనం చెయ్యలేదు కదా. ఇవ్వాలా? అసలు 12,000 సరైన ధరేనా?

బెజవాడ_పాతపుస్తకాలు:
తమ్ముడూ, ముందు ధర సంగతి. ఈ 12,000 ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆదివారం_అబిడ్స్:
అదే కవిగారి సంతకం కాపీ ఇంకో సైటులో 15,000కి ఉందన్నా. కొంచెం తగ్గించి పెట్టాను.

బెజవాడ_పాతపుస్తకాలు:
అది నేనూ చూశాను. రెండేళ్లుగా అక్కడే ఉంది! సంతలో ఆవు ధర యజమాని చెప్పింది కాదు, పలుపు చేతులు మారినప్పుడు పలికింది. సైటులో అమ్ముడైనవి విడిగా చూపిస్తుంటే అవి చూడు. మన తెలుగు పుస్తకాలకు అలాంటి లెక్క దొరకడమే కష్టం, అందుకే ఎవడికి తోచింది వాడు రాసుకుంటున్నాడు.

ఇంకో మాట. ఊరూ పేరూ తెలియని మనిషికి రాసిచ్చిన కాపీ మామూలుగా ఉత్త సంతకం కాపీ కంటే తక్కువకే పోతుంది. వేరొకరి నాన్న పేరున్న పుస్తకం బీరువాలో ఎందుకంటారు. అదే ఇంకో కవికో, పేరున్న విమర్శకుడికో ఇచ్చిందైతే లెక్క తిరగబడుతుంది.

చెదలమందు:
బెజవాడ అన్నగారితో సగమే ఒప్పుకుంటాను. ఉత్త సంతకాన్ని సాధన చేసి దించెయ్యొచ్చు. రెండు వరుసల చేతిరాత దించడం కష్టం. అనుమానమున్న చోట ఆ ఫలానా పేరే మనకు సాక్ష్యం.

నేను చూసేవి చెబుతాను. సంతకం కింద తేదీ పుస్తకం అచ్చయిన తేదీ కంటే ముందుదా? కవి పోయాక వచ్చిన మలిముద్రణ మీద సంతకం ఉందా? నవ్వకండి, ఇలాంటిది నాకే ఒకటి అంటగట్టారు. ఇంకు పెన్నుతో రాసిందైతే అంచులు చూడండి. పాతబడి జిగి పోయిన కాగితం మీద ఇవాళ రాస్తే సిరా పాకుతుంది. దొంగ సంతకం నెమ్మదిగా గీసిన గీత, అక్షరం చివర మొద్దుగా ఆగిపోతుంది. అలవాటైన చెయ్యి విసురుగా వెళ్లిపోతుంది.

డల్లాస్_మావయ్య:
సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవాళ్లకు ఒక కథ. 2022లో ఇక్కడ గాయకుడు బాబ్ డిలన్ పుస్తకం 900 ప్రతులు, ఒక్కోటి 599 డాలర్లకు, ఆయన చేతి సంతకమేనని ప్రచురణకర్తల ఉత్తరంతో సహా అమ్మారు. కొన్నవాళ్లు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే అది యంత్రం పెట్టిన సంతకమని బయటపడింది. డబ్బు వాపసిచ్చారు, డిలన్ కూడా తప్పు ఒప్పుకున్నాడు. అచ్చేసినవాళ్ల మాటే అలా ఉంటే ఫుట్‌పాత్ పుస్తకానికి ఎవరు పూచీ?

అయినా నాకు పుస్తకం కావాలి. 12,000 అంటే నూట నలభై డాలర్లు అటూఇటూ, నలుగురం హోటల్‌కి వెళితే అయ్యే ఖర్చు. పాత పేపర్లకు వేసినవాళ్లు ఇప్పుడు అడగడమేంటి? కాగితం మిల్లుకు పోకుండా కాపాడింది మన అబిడ్స్ అబ్బాయే.

ఓరుగల్లు_పోరడు:
మావయ్యా, నీకు హోటల్ ఖర్చు, ఆమెకు వాళ్ల నాయిన యాది. అన్నా, నువ్వు తప్పేం చెయ్యలే. గని 80కి తెచ్చింది మావయ్యకు 12,000కి అమ్ముడు యాపారం, ఆ బిడ్డకు అమ్ముడు వేరే ముచ్చట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏ కాగితం ఏందో ఎవలు చూస్తరు? మా తాత పోయినప్పుడు మేం గూడ గట్లనే చేసినం.

రిటైర్డ్_లైబ్రేరియన్:
బాబూ, లోపల ఎక్కడైనా గ్రంథాలయం ముద్ర ఉందేమో చూశావా? ఉంటే అమ్మడం, కొనడం రెండూ ఆపండి. లేకపోతే, ఎవరికీ తెగకపోతే, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోటికి ఇవ్వండి. 1918 నుంచి పాత పుస్తకాలు కాపాడుతున్న చోటు.

చెదలమందు:
అమ్మా, ఆవిడ అడుగుతుంటే తెగకపోవడమేంటండీ. నా అభ్యంతరం వేరు. ఇవాళ ఈవిడకి 80కి ఇస్తే రేపు ప్రతి సంతకం పుస్తకానికీ ఒక కూతురు మెసేజ్ పెడుతుంది. ఆవిడ కూతురేనని రుజువేది?

బెజవాడ_పాతపుస్తకాలు:
అసలు ప్రశ్న ఇప్పుడొచ్చింది. కవిగారు వాళ్ల నాన్నకి ఆశీస్సులు రాసిచ్చారంటే ఉత్తరాలూ రాసే ఉంటారు. ఒక్కటైనా ఇంట్లో మిగిలి ఉంటే అది ఆవిడకీ రుజువు, సంతకానికీ రుజువు. తమాషా ఏంటంటే, ఆ ఉత్తరం ఫోటో చేతికొచ్చిన రోజున నీ పుస్తకం ధర నిజంగానే 12,000కి చేరొచ్చు. అడిగి తెప్పించుకుని మావయ్యకి అమ్ముతావా, చెప్పు!

ఆదివారం_అబిడ్స్:
మూడు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. ముద్ర లేదమ్మా, పేజీ పేజీ చూశాను.

ఆవిడ్ని అడిగాను. ఒక పోస్టుకార్డు ఫోటో పంపారు. "శ్రీ" కింద వంపు రెండింట్లోనూ ఒకేలా ఉంది, వాళ్ల నాన్నగారి పేరులో దీర్ఘం లాగిన తీరు కూడా. ఫోటో ఇక్కడ పెట్టను, వాళ్ల అడ్రసు ఉంది.

లిస్టింగ్ తీసేశాను. మావయ్యా, ఏమనుకోకండి. నా 80, కొరియర్ ఖర్చు ఇస్తే చాలన్నాను. ఆవిడ ఏం చెప్పకుండా 2,000 వేశారు. తిరిగి పంపెయ్యాలా, అన్నా?

బెజవాడ_పాతపుస్తకాలు:
ఉంచుకో. రెండువైపులా అట్టముక్కలు పెట్టి, ముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపు. వానాకాలం.

డల్లాస్_మావయ్య:
సరేలే. ఈ ఆదివారం కూడా అబిడ్స్ వెళతావుగా?