పాత కారు రేడియోలో స్టేషన్లు ఒక్కొక్కటే మాయం. యూకేలో మీరు రేడియో ఎలా వింటున్నారు?

రీడింగ్_రాజు: అందరికీ నమస్కారం. 2009 మోడల్ కారు కొన్నాను. రేడియోలో ఎఫ్ఎం, ఏఎం తప్ప ఇంకేం లేవు. ఏఎంలో 1215 దగ్గర ఒకప్పుడు పాటలొచ్చేవట, ఇప్పుడు గుయ్యిమనే శబ్దం తప్ప ఏం లేదు. డ్యాబ్ (డిజిటల్ రేడియో) అడాప్టర్ పెట్టించాలా, ఫోన్ చాలా? పైగా అమ్మానాన్న వచ్చారు, ఆరు నెలలుంటారు. పొద్దున్నే రేడియో మోగకపోతే నాన్నకి కాఫీ దిగదు. ఇంటికి ఏది కొనాలి? ఇక్కడ టీవీకి కట్టినట్టు రేడియోకి కూడా లైసెన్స్ కట్టాలా?

హౌన్స్‌లో_సుబ్బారావు: 1215 మీద అబ్సల్యూట్ రేడియో వచ్చేది తమ్ముడూ. 2023 జనవరిలో వాళ్ళు ఏఎం మొత్తం ఆపేశారు. మరుసటేడు ఏప్రిల్లో బీబీసీ వార్తలు, మాటల స్టేషన్ రేడియో 4 మీడియం వేవ్ (ఏఎం) కూడా పోయింది. పోతే పోనీ. నా ఏడుపు లోకల్ స్టేషన్ల గురించి. మేం వచ్చిన కొత్తలో మంచు పడితే ఏ బడికి సెలవో పేరుపేరునా చదివేవాళ్ళు. 2019లో హార్ట్, క్యాపిటల్ అనే ప్రైవేటు పాటల స్టేషన్లు చాలా ఊళ్ళ పొద్దుటి షోలు తీసేసి లండన్ నుంచి ఒక్కటే పెట్టాయి. 2025 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో మిగిలిన లోకల్ షోలకీ అదే గతి. ఏ ఊరికెళ్ళినా అదే గొంతు, అవే పాటలు.

వంటింటి_రేడియో: రాజు గారూ, క్రికెట్ వినే ఇల్లయితే ఫోన్ మీద ఆధారపడకండి. 2025 ఆగస్టు 4, ఇండియా-ఇంగ్లండ్ ఓవల్ టెస్ట్ చివరి రోజు. కింద వంటింట్లో డ్యాబ్ రేడియో దగ్గర మావారు, పైన ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేను. వోక్స్ గాయంతో చేతికి కట్టు కట్టుకుని నిలబడ్డాడు, ఇంగ్లండ్ గెలవడానికి ఇంకా ఏడు కావాలి. నా ఫోన్‌లో సిరాజ్ ఇంకా రనప్‌కి వెనక్కి నడుస్తున్నాడు. కింద నుంచి ఒకటే అరుపు, గిన్నె కిందపడిన చప్పుడు. అట్కిన్సన్ బౌల్డ్! మనం ఆరు పరుగులతో గెలిచిన మ్యాచ్‌ని నేను గిన్నె చప్పుడులో విన్నాను.

బ్రమ్_బుల్లోడు: ఈ రోజుల్లో రేడియో సెట్ ఎవరు కొంటారండీ? స్మార్ట్ స్పీకర్‌కి చెప్తే అదే పెడుతుంది. అర నిమిషం లేటయితే కొంప మునుగుతుందా?

వంటింటి_రేడియో: మునిగింది. పైన రాశాను, చదవలేదా?

ట్రాన్స్‌మిటర్_మామ: ఇరవై రెండేళ్ళు ప్రసార రంగంలోనే పనిచేశాను కాబట్టి చెప్తున్నాను, వినండి. ఎఫ్ఎంలో గొంతు దాదాపు నేరుగా గాల్లోకి వెళ్తుంది. డ్యాబ్‌లో పది పదిహేను స్టేషన్లని కుదించి ఒకే మూటగా కట్టి పంపుతారు. మీ సెట్ ఆ మూట విప్పేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇంటర్నెట్‌లో అయితే శబ్దాన్ని ముక్కలు చేసి పంపుతారు. మధ్యలో ఆగకుండా ఉండటానికి ఫోన్ కొన్ని ముక్కలు చేతికొచ్చేదాకా కాచుకుంటుంది. అందుకే అంత ఆలస్యం. ఇది బేసిక్.

బ్రమ్_బుల్లోడు: థాంక్యూ అంకుల్. కానీ నా స్పీకర్‌లో అంత లేటేం లేదు.

ట్రాన్స్‌మిటర్_మామ: అంకుల్ అని ఎవరన్నారు నన్ను? గంట కొట్టేటప్పుడు రేడియో 4లో ఆరు పిప్పులు (టైం చెప్పే బీప్ శబ్దాలు) వస్తాయి, 1924 నుంచీ ఉన్నాయి. ఎఫ్ఎం సెట్, నీ స్పీకర్ పక్కపక్కన పెట్టుకో. ఎఫ్ఎంలో వార్తలు మొదలై మొదటి హెడ్‌లైన్ అయిపోయాక నీ స్పీకర్ పిప్పు మొదలుపెడుతుంది. విని వచ్చి మాట్లాడు.

బ్రమ్_బుల్లోడు: పేరులో మామ అని మీరే పెట్టుకుని అంకుల్ అంటే కోపమా?

లెస్టర్_లక్ష్మి: పిప్పుల మాట నిజమే, మా ఇంట్లో రెండు సెట్లతో పన్నెండు వినిపిస్తాయి. గడియారం దేనితో సరిచేసుకోవాలో ఇప్పటికీ తెలీదు. టెస్ట్ కామెంటరీ లాంగ్ వేవ్‌లో (ఏఎం లాంటి పాతకాలపు బ్యాండ్) వచ్చినంత కాలం ఈ గొడవ లేదు. 2023 యాషెస్‌తో అక్కడ ఆపేశారు.

నైట్‌షిఫ్ట్_నర్స్: లాంగ్ వేవ్ అంటే గుర్తొచ్చింది. 198 మీద రేడియో 4తో పాటు వినపడని సంకేతం ఒకటి వచ్చేదని మీకు తెలుసా? పాత ఇళ్ళలో రాత్రి చవక కరెంటుకి హీటర్లు, వేణ్ణీళ్ళ ట్యాంకు ఆన్ చేసేది అదే. 2025 జూన్‌లో దాన్ని దశలవారీగా ఆపడం మొదలుపెట్టారు. మీటర్ మార్చడానికి మా ఇంటికి మూడుసార్లు వస్తామని రాలేదు. మూడు రోజుల సెలవు దండగ. హీటర్ పట్టపగలు వెలుగుతోంది.

హౌన్స్‌లో_సుబ్బారావు: ప్రెజెంటర్ కెన్ బ్రూస్ బీబీసీ రేడియో 2 వదిలిన రోజే నాకు రేడియో మీద సగం ఆశ పోయింది. 2023 మార్చి. ఇప్పుడు ఆయన కోసం గ్రేటెస్ట్ హిట్స్ రేడియో పెడతాను. పాప్‌మాస్టర్ క్విజ్ కూడా ఆయనతోనే వచ్చింది కానీ మధ్యలో ప్రకటనలు భరించాలి.

గుంటూరు_గోపి: అక్కడున్న మీరే నయం. నేను లీడ్స్‌లో చదివి తిరిగొచ్చాను. బీబీసీ పాటల స్టేషన్ 6 మ్యూజిక్ వింటూ పనిచేయడం అలవాటు. 2025 జులై 21 నుంచి బీబీసీ రేడియో వినే సౌండ్స్ యాప్ విదేశాల్లో ఆపేశారు. ఒకప్పుడు బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ కోసం మా తాతయ్య మేడెక్కేవారు, అదీ 2020 జనవరితో సరి. 2017లో తెలుగు మొదలుపెట్టారు కదా అంటారేమో, అది వెబ్‌సైటూ వీడియోలే, రేడియో కాదు.

బ్రమ్_బుల్లోడు: లైసెన్స్ ఫీజు కట్టనివాళ్ళకి ఊరికే ఎందుకివ్వాలి బ్రో? 2025లో మేం ఏడాదికి 174.50 పౌండ్లు కట్టాం.

లెస్టర్_లక్ష్మి: రేడియో వినడానికి లైసెన్సే అక్కర్లేదు బాబూ, 1971లోనే తీసేశారు. నువ్వు కట్టేది టీవీకి, బీబీసీ వీడియో యాప్ ఐప్లేయర్‌కి. రాజు గారూ, మీకూ ఇదే జవాబు.

గుంటూరు_గోపి: నాలుగేళ్ళు నేనూ కట్టాను బ్రో.

ట్రాన్స్‌మిటర్_మామ: ఏం కొన్నా పెట్టె మీద డ్యాబ్ పక్కన ప్లస్ గుర్తు (డ్యాబ్ కొత్త రకం) ఉందో లేదో చూసుకోండి. చారిటీ షాపులో ఐదు పౌండ్లకి దొరికే పాత సెట్లలో ఉండదు, కొత్త స్టేషన్లు చాలా వరకు రావు. ఎఫ్ఎం మాత్రం కనీసం 2030 దాకా ఉంటుందని ప్రభుత్వ సమీక్షే చెప్పింది, కంగారొద్దు.

రీడింగ్_రాజు: అందరికీ థాంక్స్. కారు సంగతి ఎవరూ చెప్పలేదు. సరే, నాన్న సమస్య ఆయనే తీర్చుకున్నారు. న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్ ఉందని అమ్మ చెప్పిందట, విజయవాడ ఆకాశవాణి పెట్టుకున్నారు. కాకపోతే అక్కడి పొద్దుటి ప్రాంతీయ వార్తలు ఇక్కడ అర్ధరాత్రి దాటాక వస్తాయి. రాత్రి రెండింటికి ఫుల్ సౌండ్.

వంటింటి_రేడియో: కారుకి డ్యాబ్ అడాప్టర్ పెట్టించండి. ఏరియల్ అద్దానికి సరిగ్గా అతికించకపోతే బ్రిడ్జి కింద కట్ అవుతుంది.

బ్రమ్_బుల్లోడు: పిప్పులు చూశాను. ముప్పై ఎనిమిది సెకన్లు. సారీ మామా.